మునెప్ప సారు కొలిచిన వంక

మునెప్ప సారు పోయారన్న వార్త నాకు పుంగనూరు బస్టాండులో టీ కొట్టు నడిపే అతను చెప్పాడు. రెండు నెలల క్రితం ఒక సోమవారం, పొద్దున పదిన్నర వేళ, సారు ఫోను నుంచే చేశాడు. తెర మీద ఆయన పేరు కనబడగానే, ఫైలు ఇంకా కదల్లేదని చెప్పడానికి అలవాటుగా గొంతు సవరించుకున్నాను. అవతల వేరే గొంతు పలికింది. "ఈ ఫోనాయన మీకేమైతాడప్పా? మదనపల్లె బస్సుకని కూసోనుండె. బస్సొచ్చిందని లేపితే లెయ్యల్యా" అన్నాడు. ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు చూసి, లేపబోయేసరికే గుండె ఆగి అరగంట దాటి ఉంటుందన్నాడు. అంటే ప్రాణం పోయాక కూడా ఆయన అరగంటసేపు ఆ సిమెంటు బెంచీ మీద నిటారుగా కూర్చుని మదనపల్లె బస్సు కోసం ఎదురుచూశారన్నమాట. ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం ఉన్నవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

దిగ్భ్రాంతి అనే మాట ఇలాంటి వ్యాసాల మొదట్లోనే రావాలి. నాకూ కలిగింది. ఒక పూట ఉంది. సాయంత్రానికల్లా దాని స్థానంలో కోపం వచ్చి కూర్చుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా పక్కనే ఉంది. సంస్మరణలో కోపం ఔచిత్యభంగమని నాకు తెలుసు. చదివేవారు పెద్ద మనసుతో సహించాలి. లేదా వారు కూడా కోపం తెచ్చుకోవాలి. రెండోదైతే మరీ మంచిది.

ఆయన పనిచేసిన ప్రైవేటు సర్వే సంస్థ, నాదీ అదే, ఆ మధ్యాహ్నమే ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో సంతాప సందేశం పెట్టింది. ‘కర్తవ్యనిష్ఠకు నిలువెత్తు రూపమైన శ్రీ మునెప్ప గారి మరణం మా కుటుంబానికి తీరని లోటు’ అని రాసి, కింద ఒక దీపం బొమ్మ తగిలించారు. సందేశంలో అక్షరదోషాలు లేవు; అంతవరకు మెచ్చుకోవాలి. అదే పెద్దలు అంతకు మూడు నెలల ముందు, కర్తవ్యంలో నిర్లక్ష్యం వహించారని ఆయన్ని పనిలోంచి తీసేశారు. అదే రోజు గ్రూపులోంచి కూడా తీసేశారు కనుక, బతికి ఉన్నా ఆయన ఆ సందేశం చదివే అవకాశం లేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. రాస్తే ప్రచారం అవుతుంది.

ఈ పత్రిక చదివే సర్వే మిత్రుల్లో కొందరికి ఆయన పరిచయమే. తెలియనివారి కోసం చెబుతాను. మునెప్ప సారుకు యాభై ఎనిమిదేళ్లు. పుంగనూరుకు పడమటగా ఉన్న ఒక మెట్ట పల్లెలో పుట్టారు. పదో తరగతి అయ్యాక గొలుసు పట్టుకుని సర్వేయర్ల వెంట తిరిగారు. గొలుసు పోయి టేపు వచ్చింది, టేపు పోయి ఉపగ్రహాలతో మాట్లాడే మిషను వచ్చింది. మనిషెత్తు కర్ర, దాని నెత్తిన తెల్లగిన్నె బోర్లించినట్టు ఒక పరికరం. పొలం మూలలో నిలబెడితే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను అంగుళం తేడాతో చెబుతుంది. ఆయన ఆ మిషనును గౌరవించారు గానీ దానికి దండం పెట్టలేదు. చెవి వెనక పెన్సిలు, జేబులో చిన్న నోటుపుస్తకం. మిషనులో నమోదు చేసిన ప్రతి చుక్కనూ పుస్తకంలో మళ్లీ రాసుకునేవారు: ఏ చెట్టు పక్కన, ఎవరు చూపించారు, అప్పుడక్కడ ఇంకెవరున్నారు. ఇదెందుకు సార్ రెండో పని అంటే, "సుక్క యాడుండాదో మిషన్ సెప్తాది. ఆ సుక్క ఆడ యాల ఉండాదో నేను రాసుకుంటా" అనేవారు. యాల అంటే ఎందుకు.

నేను ఆయన దగ్గరికి మొదట చేరింది కుప్పంలో. చేతిలో ఎమ్మెస్సీ పట్టా, కాళ్లకు కొత్త బూట్లు. రెండింట్లో ఏదీ ఆ గ్రానైటు గుట్టల మధ్య పనికి రాలేదు. ఒక తోట మూలలో బావి, బావి మీదికి వంగిన చింతచెట్టు. ఆకుల కింద మిషనుకు ఆకాశం సరిగా కనబడదు. కచ్చితమైన స్థానం చిక్కక, సుమారుగా ఇక్కడ అని చూపిస్తూ ఉంటుంది. చిక్కేవరకు కర్ర కదలకుండా పట్టుకుని నిలబడాలి. నాకు ఎండ ఎక్కువగా అనిపించి, సుమారుకే మీట నొక్కేశాను. మధ్యాహ్నం గదిలో కంప్యూటరు ముందు చుక్కలన్నీ కలిపి గీస్తే, ఆ బావి పోయి పక్కింటి వంటగదిలో పడింది. మునెప్ప సారు తెరను చాలాసేపు చూశారు. తిట్టలేదు. "ఆయమ్మకు బాగయిందిలే ఇంజినీరప్పా. బిందెత్తుకోని బయటికి రావాల్సిన పన్లా. పా, బావిని ఎత్తుకొచ్చి మళ్లా దాని సోట్లో పెట్టేసి వస్తాం" అన్నారు. మూడు కిలోమీటర్లు వెనక్కి నడిచాం. ముక్కాలు గంట నేనే కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఆయన చెట్టు నీడలో కూర్చుని తోటావిడతో ఏనుగుల బెడద గురించి మాట్లాడారు. ఆ రోజు నుంచి ఆయన నోట నేను ఇంజినీరప్పగానే మిగిలాను. నేను ఇంజినీరును కానని ఒకసారి చెప్పాను. "తెల్సులే" అన్నారు.

గంగవరం మండలంలో, మాటలు లేని అన్నదమ్ములిద్దరి మధ్య ఒక గెనిమ కొలవాల్సి వచ్చింది. గెనిమంటే పొలం గట్టు; అన్నదమ్ముల మధ్య ఉన్నప్పుడు గట్టు కన్నా గట్టిది. ఎవరి మూల వాళ్లు చూపిస్తే రెండడుగుల తేడా వస్తోంది. అంతకు ముందు వచ్చిన సర్వేయరు మధ్యలో గీత గీసి, ఇద్దరికీ సమానంగా కోపం తెప్పించి పోయాడు. మునెప్ప సారు అలా చేయలేదు. అన్న చూపించిన మూలలో కర్రను అన్న చేతికే ఇచ్చి, తమ్ముణ్ణి ఎదురుగా నిలబెట్టారు. మిషను ఎప్పుడో కుదురుకుంది. అయినా ఆయన, ఇంకా రాలేదప్పా, ఉండు, ఉండు అంటూ పావుగంట నిలబెట్టారు. తమ్ముడు ఊరికే చూస్తూ ఉన్నాడు. చివరికి అన్నే, ఇంకొంచెం ఇట్లుండాలేమో అని గొణుగుతూ కర్రను తన చేలోకి అడుగున్నర జరుపుకున్నాడు. తర్వాత తమ్ముడి వంతు వచ్చింది. వాడు పావుగంట దాకా కూడా ఆగలేదు. ఈ పద్ధతి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. సాఫ్ట్‌వేరులో దీనికి మీట కూడా లేదు.

మా పటాల గది మదనపల్లెలో, టమోటా మార్కెట్ యార్డుకు దగ్గరగా, ఒక ఎరువుల అంగడి మిద్దె మీద ఉంది. పొలాల్లో పోగైన చుక్కలు అక్కడికి చేరతాయి. చుక్కలు కలిపితే గీతలు, గీతలు మూసుకుంటే పొలాలు; పొలాలకు నంబర్లు, నంబర్లకు రైతుల పేర్లు, ఆపైన రంగులు, స్కేలు, ఉత్తర దిక్కు బాణం. అచ్చయి బయటికొస్తే పటం. ఒకసారి సంస్థ బెంగళూరు శాఖ ఒక నమూనా ఫైలు పంపి, అందరూ అందులోనే పని చేయాలని ఆజ్ఞాపించింది. పటాల కోసం భూగోళాన్ని ఖర్బూజా ముక్కల్లా నిలువుగా కోసి ఉంచారు; బెంగళూరు ఒక ముక్కలో ఉంటుంది, మనం పక్క ముక్కలో ఉంటాం. వాళ్ల ముక్కలో మన చుక్కలు వేసేసరికి, వెంకటగిరికోట వైపు ఒక ఊరు ఊరంతా పోయి అరేబియా సముద్రంలో తేలింది. ఈ సంగతి రాస్తే, సూచనలు పాటించగలరు అని జవాబు వచ్చింది. మునెప్ప సారు ఆ ఊళ్లో తనకు తెలిసిన రైతుకు ఫోను చేశారు. "ఏమప్పా, ఇంక బోర్లు ఎయ్యబాకండి. కంపెనీవోళ్లు మీకు సముద్రమే ఇచ్చినారు" అన్నారు. ఆ రైతు ఏమాత్రం తొణకకుండా, ఉప్పునీళ్లకు టమోటా వస్తాదా అని అడిగాడట.

వారం రోజులు నవ్వుకున్నాం. ఇప్పుడు అంత నవ్వు అనవసరమనిపిస్తుంది. ఊరు సముద్రంలో పడితే గుడ్డివాడికైనా కనబడుతుంది. కనబడని తప్పు ఇరవై అడుగుల వెడల్పున వస్తుంది.

అసలు సంగతి చెబుతాను. పుంగనూరు దగ్గర ఒక పల్లె. దాని పేరు వద్దు. ఆ పల్లెను ఇప్పటికే చాలామంది విసిగించారు. ఊరికి పైనున్న గుట్టల నుంచి కిందనున్న చెరువులోకి ఒక వంక దిగుతుంది. వంకంటే ఏమిటో మా వైపు పాఠకులకు చెప్పక్కర్లేదు. తక్కినవారికి మనవి: ఏడాదిలో పది రోజులు నీళ్లు పారి, మిగిలిన రోజుల్లో ఇసుకగా, కంపగా పడి ఉండే పారుదలను మేం వంక అంటాం. ఆ వంక ఒడ్డున పాపమ్మ అనే ఒంటరి రైతుకు ఎకరమున్నర టమోటా చేను, రేకుల ఇల్లు, రెండు ఆవులు ఉండేవి. పుంగనూరు ఆవు అనగానే టీవీల్లో గారాబాలు పోయే పొట్టి ఆవును ఊహించుకోకండి. అవి టీవీల్లోనే ఉంటాయి. పాపమ్మవి మామూలు జెర్సీలు, పాలిచ్చేవి.

మునెప్ప సారు ఆ వంకను ఒక పొద్దంతా నడిచి, రెండు ఒడ్లూ కొలిచారు. మిషనులో ప్రతి చుక్కకూ అదేమిటో ఎంచుకోవాలి. పైవాళ్లు తయారు చేసిన జాబితాలో నది, వాగు, కాలువ, చెరువు, కుంట ఉన్నాయి. వంక లేదు. వాగు అని పెట్టేయండి సార్ అని నేను ఫోనులో సలహా ఇచ్చాను. ఆయన ససేమిరా ఒప్పుకోలేదు. "వాగంటే యాడనుంచో వచ్చి యాడికో పొయ్యేదప్పా. దానికి మనతో పన్లా. వంకంటే మన గుట్టల నీళ్లు మన సెరువుకు పొయ్యేది. వాగని రాస్తే ఆ నీళ్లు పరాయివైపోతాయి" అన్నారు. ‘ఇతరములు’ అని ఎంచుకుని, పక్కనున్న గడిలో ‘వంక’ అని టైపు చేశారు. ప్రతి చుక్కకూ చేశారు. నాకది చాదస్తంగా తోచింది. ఒక పదం కోసం పొద్దంతా ఎండలో అక్షరాలు నొక్కే మనిషిని ఈ కాలంలో వేరే ఏమనుకోవాలో తెలియలేదు.

ఆ చుక్కలు తుది మెరుగుల కోసం ఇంకో ఊరికి వెళ్లాయి. పరాయి భాషవాళ్లు కాదు, తెలుగువాళ్లే. కాకపోతే మా వైపు వాళ్లు కారు. వాళ్ల తెలుగులో వంకంటే దోషం, వంపు; ఎవరికో ఒకరికి పెట్టేది. ఇక్కడేమో వంకరటింకర గీతలు, వాటి పక్కన సర్వేయరే స్వయంగా ‘వంక’, ‘వంక’ అని రాసి ఉంచాడు. గీతలో దోషముంది, సరిచేయండి అని మొరపెట్టుకున్నట్టు అర్థం చేసుకున్నారు. సాఫ్ట్‌వేరులో గీతలను నున్నగా చేసే మీట ఒకటి ఉంటుంది. నొక్కారు. రెండు గీతల మధ్య మిగిలిన సన్నటి పీలికకు నంబరు లేదు, యజమాని లేడు; దాన్ని అటూ ఇటూ పొలాల్లో కలిపేశారు. వేల ఏళ్ల నుంచి నీళ్లు తొలుచుకున్న దారి సరళరేఖగా మారింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నివేదికలో ‘వంకలన్నీ సవరించబడినవి’ అని ఒక వాక్యం రాసి పంపించారు.

నేను వాళ్లను తప్పు పట్టను. పట్టే అర్హత లేదు. ఆ నివేదిక తనిఖీకి వచ్చింది మదనపల్లెలో నా బల్ల మీదికి. ‘వంకలన్నీ సవరించబడినవి’ అన్న వాక్యాన్ని నేను నా తెలుగులో చదువుకున్నాను. వంకల గీతలన్నీ చక్కగా పెట్టారు కాబోలని సంతోషించాను. సంతకం చేశాను. చిన్నప్పుడు వంక ఇసుకలో చెలమలు తవ్విన నేను, పటం తెరిచి ఒక్కసారి చూడకుండా సంతకం చేశాను. ఆ వాక్యం రాసినవాడికీ తెలుగు వచ్చు, చదివినవాడికీ వచ్చు. అందుకే ఇద్దరికీ అనుమానం రాలేదు.

పటం అచ్చయింది. వంక పైభాగాన ఉన్న ఒక పెద్దమనిషి, తన పొలంలో కలిసిన జాగాను చదును చేసి, అడ్డంగా రాతి గోడ కట్టుకున్నాడు. ఊరివాళ్లు అడిగితే పటం చూపించాడు. పటం నిజంగానే ఆయన పక్షాన ఉంది. కార్తీకంలో తుఫాను వాన పడింది. నీళ్లకు పటం చూసే అలవాటు లేదు. పాత దారినే వచ్చి, గోడకు తగిలి, పక్కకు తిరిగి, పాపమ్మ చేను మీదుగా దిగాయి. పట్టపగలే. ఆమె కొట్టం వైపు పరుగెత్తేలోగా ఇంటి వెనక గోడ పడి ఆమె చేయి విరిగింది. ఆవులు కట్టుతాళ్లతోనే చనిపోయాయి. తాళ్లు గట్టివి; ఆమె పేనినవే.

మరునాడు మునెప్ప సారు ఆ ఊరికి వెళ్లారు. నేనూ వెళ్లాను. పటం కింద సర్వే చేసినవారి పేరు అచ్చవుతుంది. తనిఖీ చేసినవారి పేరు అచ్చవదు; అది లోపలి ఫైలులో భద్రంగా ఉంటుంది. ఊరివాళ్లు అచ్చయిన పేరు చదివారు. గోడ కట్టినవాడికి అమ్ముడుపోయాడని ఒకరిద్దరు ఆయనకు వినబడేలాగే అన్నారు. పాపమ్మ ఆ మాట అనలేదు. మెడకు గుడ్డతో చేయి వేలాడదీసుకుని, పడిపోని గోడ పక్కన కూర్చుని, నెమ్మదిగా అడిగింది.

"ఆ పొద్దు నా సేతి మజ్జిగ తాగి, వంకలోనే నిలబడి కొలిస్తివి కదప్పా. పటంలో యాల ల్యాకపాయ?"

"కొలిసినానమ్మా. మా దగ్గర తప్పు జరిగిండాది. వంకను మళ్లా పటంలోకి తెస్తా."

"ఎప్పటికి? మళ్లా వానలొచ్చేలోపల తెస్తావా? గోడ అట్లే ఉండాది."

"వానలొచ్చేలోపల తెస్తా."

‘మా దగ్గర’ అన్నారు. ఎవరి దగ్గరో అనలేదు. అప్పటికే ఆయనకు ఆ సంతకం ఎవరిదో తెలుసు. పొద్దున బస్సులో నేనే చెప్పాను. పాపమ్మ ముందు నా వైపు తల కూడా తిప్పలేదు. తిప్పి ఉంటే నాకు బాగుండేది.

తిరుగు ప్రయాణంలో, నేను పైవాళ్లకు రాసి ఒప్పుకుంటానన్నాను. "యాలప్పా? నీకు సిన్నపిల్లోళ్లుండారు. పొయ్యే పేరు ఎట్లా పొయ్యింది. ముందు వంకను రానీ" అన్నారు. నేను సరేనన్నాను. సరేననడానికి నాకు ఎక్కువ సమయం పట్టలేదు.

ఆపై ఆరు నెలలు ఆ మనిషి పుంగనూరు, మదనపల్లెల మధ్య తిరిగారు. ప్రభుత్వ సర్వే ఆఫీసు, తప్పు సంస్థది అంది. సంస్థ, అధికారం ఆఫీసుదంది. వంక ఉన్నదనడానికి ఆధారం జతచేయమని ఆన్‌లైన్‌లో ఒక గడి ఇచ్చారు; ఫైలు రెండు ఎంబీలు మించరాదు. వంక మించింది. నోటుపుస్తకం పేజీలు ఫోటోలు తీసి పెడితే, పెన్సిలు రాత చెల్లదన్నారు. జాబితాలో లేని పదాన్ని వాడి సమాచారాన్ని కలుషితం చేశారని ఆయనకే మెమో ఇచ్చి, ఫిబ్రవరిలో ఇంటికి పంపారు. పనిలోంచి తీసేశాక తిరగడానికి ఇంకా వీలు చిక్కిందని ఆయన అన్నారు. హాస్యమాడారనుకున్నాను. అది హాస్యం కాదు. వారంలో మూడు రోజులు వచ్చేవారు. మదనపల్లెలో మా మేనేజరు గది బయట, నీళ్ల క్యాను పక్కన కూర్చునేవారు. మేనేజరు గారు ఆయన పక్కనుంచే వచ్చి నీళ్లు పట్టుకుపోయేవారు.

ఇన్నాళ్లూ నేనేం చేశానంటే, ఒక ఈమెయిలు రాశాను. ‘సదరు గ్రామ పటంలో జలవనరుల విషయమై స్వల్ప వ్యత్యాసం ఉండే అవకాశం కలదు.’ తక్కువ చేసి మాట్లాడటం నాకు అలవాటు. మిత్రులు దాన్ని చమత్కారమంటారు. రెండు ఆవులు, ఒక చేయి, ఒక చేను, ఒక మనిషి మంచిపేరు. వీటన్నిటినీ కలిపి స్వల్ప వ్యత్యాసమన్నాను. దానికి జవాబు కూడా రాలేదు. అంత స్వల్పమైనదానికి ఎవరు జవాబు రాస్తారు?

ఆ సోమవారం ఎనిమిదింటికి ఫోను చేశారు. ఈరోజు మేనేజరు లేరు, రేపు రండి సార్ అన్నాను. "బయల్దేరినా ఇంజినీరప్పా. ల్యాకపోతే వచ్చేదంకా కూసుంటా. ఇంకొక నెల పోతే మోడం కమ్ముతాది, వానలు పట్టుకుంటాయి" అన్నారు. ఆయన నాతో అన్న చివరి మాట ఇదే. బస్టాండులో ప్రాణం పోయినప్పుడు ఒళ్లో ఉన్నది ఆయనే మళ్లీ చేత్తో గీసి, నీలం స్కెచ్ పెన్నుతో వంకను దిద్దిన పటం. ఒడ్లు రెండూ ఉన్నాయి, మలుపులన్నీ ఉన్నాయి. పాపమ్మ ఇల్లు చిన్న చదరంగా ఉంది.

పదకొండో రోజున ఆయన భార్య లక్ష్మిదేవమ్మ నన్ను పక్కకు పిలిచి నోటుపుస్తకం చేతిలో పెట్టింది. సారు నాకు ఇమ్మన్నారా అని అడిగాను. "ఏమీ సెప్పల్యాదప్పా. నాకు సదువు రాదు. నీకొచ్చు కదా, అందుకని ఇస్తాండా" అంది. ఆమె మనసులో ఏ ఉద్దేశమూ లేదు. నన్ను ఈ జన్మలో ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు.

ఆ రాత్రి చదివాను. ‘వంక. పాపమ్మ చూపించింది. ఎడమ ఒడ్డున కానుగ చెట్టు. గుట్ట మీద వాన పడితే ఇక్కడికి నీళ్లు రావడానికి గంట పడుతుందని చెప్పింది. తెగినది లేదు, ఆగినది లేదు, చెరువు దాకా వంకే.’ ఇంత స్పష్టమైన వాక్యాలు మా ఆఫీసులో ఇన్నేళ్లుగా నేను చదవలేదు.

మరునాడు సంస్థకూ ఆఫీసుకూ ఒకే లేఖ రాశాను. అందులో స్వల్పం లేదు, అవకాశం లేదు, కలదు లేదు. వంకను చెరిపినవాళ్లం మేము, చూడకుండా ఆమోదించింది నేను, సర్వేయరు సరిగ్గా కొలిచాడు, అబద్ధపు కారణంతో ఆయన్ని తీసేశారు అని రాశాను. నాకు మెమో వచ్చింది. అది నాకు దక్కిన మొదటి న్యాయమైన కాగితం. ఆఫీసు మాత్రం, పునఃకొలతకు అనుమతిస్తున్నాం, మూల సర్వేయరు స్వయంగా హాజరు కావలెను అని రాసింది. మరణ ధ్రువీకరణ పత్రం జతచేశాను. రెండు ఎంబీల లోపే ఉంది.

ఆఫీసు తరఫున వచ్చిన సర్వేయరు మర్యాదస్తుడు. కర్ర నా చేతికే ఇచ్చాడు. పాపమ్మ ముందు నడిచింది. అతుక్కున్న చేయి మోచేతి దగ్గర కొంచెం వంకరగా ఉంది. ఒడ్డు వెంబడి, ఈడ, ఆడ అని చూపిస్తుంటే నేను ఒక్కో చుక్క దగ్గర నిలబడి, మిషను కుదురుకునేదాకా ఆగి, నొక్కుతూ వచ్చాను. మిషనులో మళ్లీ అదే జాబితా. నది, వాగు, కాలువ, చెరువు, కుంట. ఆఫీసాయన నిజాయితీగానే చెప్పాడు: వాగు అని పెడితే ఈ వారమే ఆమోదం అయిపోతుంది, ఇతరములు అని పెడితే మళ్లీ పైకి పోతుంది, ఎన్ని నెలలో తెలియదు. నేను బొటనవేలు గాల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఏం రాయాలమ్మా అని పాపమ్మనే అడిగాను.

ఆమె నా వైపు కాదు, గుట్టల వైపు చూసింది. అక్కడ మబ్బు పట్టి ఉంది.

"వాగనే రాయప్పా. ఆయనుంటే వంకనే రాపించుండు. నీతో కాదులే."

రాశాను.

పటం పోయిన వారం అచ్చయి వచ్చింది. నీలి గీత గుట్ట నుంచి చెరువు దాకా, తన మలుపులన్నిటితో ఉంది. నోటీసు అందుకున్న పెద్దమనిషి గోడలో నీళ్లకు దారి తెరిచాడు. మొన్నటి వానకు నీళ్లు ఆ దారినే పోయాయని, ఇంట్లోకి రాలేదని పాపమ్మ ఫోను చేసి చెప్పింది. కింద, సర్వే చేసినవారు అన్న చోట నా పేరు ఉంది. చనిపోయిన ఉద్యోగి పేరు సాఫ్ట్‌వేరు తీసుకోదట. గీత పక్కన చిన్న అక్షరాల్లో ‘వాగు’ అని ఉంది.

సర్వే మిత్రులారా, మునెప్ప సారుకు విగ్రహం అక్కర్లేదు, అవార్డు అక్కర్లేదు, సంతాపసభ అసలే వద్దు; దానికి మేనేజరు గారు వచ్చి మాట్లాడతారు. ఆ మహనీయుడికి చేతులెత్తి నమస్కరిస్తూ ఒక్క సంగతి నమోదు చేస్తున్నాను. ఆ పటంలో ఆ మాట తప్పు. ఆ సంగతి నాకు తెలుసు, పాపమ్మకు తెలుసు, సంతకం పెట్టిన ఆఫీసాయనకూ తెలుసు. కానీ తప్పని చెప్పి, గది బయట నీళ్ల క్యాను పక్కన వారానికి మూడు రోజులు కూర్చునే మనిషి ఇప్పుడు లేడు. అభ్యంతరాలేవీ రానందున ఫైలు మూసేశారు.